‘బ్యాంకు శాంక్షన్ అయింది’ అని ఓనరుకి చెప్పాను, తీరా చూస్తే...

తేజా_టిక్కీ అడిగారు:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో డాక్యుమెంట్ల పని చేస్తాను. ఇన్‌వాయిసు, ప్యాకింగ్ లిస్టు, ఫైటో సర్టిఫికెట్, షిప్పింగ్ బిల్లు, బీఎల్, ఇలా కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. బీకాం తెలుగు మీడియంలో చేశాను. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది. రాయమంటే మాత్రం పాత మెయిల్ తీసి పేర్లు, తేదీలు మార్చి పంపేస్తాను. నాలుగేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నా. మొన్న గురువారం ఒక్క మాట దగ్గర బోర్లా పడ్డాను.

మేం ప్యాకింగ్ క్రెడిట్ లిమిట్ పెంచమని బ్యాంకును అడిగి రెండు నెలలైంది. చేతిలో ఎగుమతి ఆర్డరు ఉంటే సరుకు కొనుక్కోవడానికి బ్యాంకు ముందుగా ఇచ్చే అప్పు అది. సోమవారం దానికి జవాబు వచ్చింది. ‘యువర్ లిమిట్ హాజ్ బీన్ శాంక్షన్డ్’ అని. ఓనరు గారు ఆ కాగితం కళ్లకద్దుకున్నారు. ఆఫీసంతటికీ మైసూర్‌పాక్ తెప్పించారు.

గురువారం పొద్దున అదే బ్యాంకు, అదే సెక్షన్ నుంచి ఇంకో మెయిల్. ఒక కొత్త విదేశీ పార్టీకి తొడిమ తీసిన తేజ రకం మిరపకాయలు పంపాలి. డబ్బు వాళ్ల బ్యాంకు నుంచి డాలర్లలో రావాలి. ఆ బ్యాంకు వివరాలు ఒకసారి చూసి చెప్పమని అంతకుముందే మా బ్యాంకుకి పంపాం. వచ్చిన జవాబు ఇదీ: ‘ది బయ్యర్స్ బ్యాంక్ ఈజ్ ఎ శాంక్షన్డ్ బ్యాంక్. కైండ్లీ అడ్వైజ్ ఆల్టర్నేట్ అరేంజ్‌మెంట్ అండ్ రివర్ట్.’

నేను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. బ్యాంకు మెయిల్స్‌లో ‘కైండ్లీ’తో మొదలయ్యే వాక్యాలన్నిటినీ నా కళ్లు వాటంతటవే దాటేస్తాయి. సోమవారం లిమిట్ శాంక్షన్ అయింది, గురువారం వాళ్ల బ్యాంకూ శాంక్షన్ అయింది, అంతేగా అనుకున్నా. ఓనరు గదిలోకి వెళ్లి, ‘సార్, వాళ్ల బ్యాంకు కూడా శాంక్షన్ అయింది’ అన్నా.

ఆయన వెంటనే కోల్డ్ స్టోరేజీకి ఫోన్ కొట్టి 120 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బయటికి తీయమన్నారు. లారీ వచ్చింది. హమాలీలు దించారు. తొడిమలు తీసే ఆడవాళ్లు గోడౌన్‌లో గుడ్డలు పరుచుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం మూడింటికి బ్యాంకు మేడమ్ ఫోన్ చేసి, ‘మీ నుంచి రిప్లై రాలేదేంటండీ’ అన్నారు. ‘శాంక్షన్ అయిందన్నారుగా మేడమ్, లోడింగ్ పనిలో ఉన్నాం’ అన్నా. కాసేపు అవతల చప్పుడు లేదు. ‘అయ్యో, శాంక్షన్డ్ అంటే ఆంక్షలు ఉన్న బ్యాంకండీ. అక్కడి నుంచి మీకు డబ్బు రాదు. సరుకు కదపకండి’ అన్నారు.

లారీ కిరాయి, రెండుసార్లు హమాలీ, ఆ రోజు కూలీ. అదృష్టం బాగుండి కంటైనర్ దాకా పోలేదు. ఓనరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇంకా బాధ. మైసూర్‌పాక్ డబ్బా ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది. మూత తీసి నా వైపు జరిపారు, అంతే.

ఒకే మాటకి అనుమతి అని, ఆంక్ష అని రెండు అర్థాలు ఎలా వచ్చాయి? డిక్షనరీ తీస్తే రెండూ ఒకదాని కింద ఒకటి చక్కగా కూర్చుని ఉన్నాయి. చదివేవాడు ఏది పట్టుకోవాలి? ఇంకోసారి ఇలా జరగకుండా గుర్తు పట్టే దారి ఏదైనా ఉంటే చెప్పండి. ఆ మెయిల్‌కి జవాబు కూడా ఇంకా రాయలేదు.

గూగులమ్మ_తోడు:

ట్రాన్స్‌లేట్ యాప్‌లో పెడితే పోయేదిగా బ్రో.

తేజా_టిక్కీ:

తర్వాత పెట్టి చూశానన్నా. ‘కొనుగోలుదారు బ్యాంకు మంజూరు చేయబడిన బ్యాంకు’ అని ఇచ్చింది. అదీ నాతోపాటే మునిగింది.

పాత_ఫైలు:

బాబూ, నేను పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఆఫీసులో 33 ఏళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా దిగిపోయాను. ఈ మాట నేను రాసినన్నిసార్లు నా పేరు కూడా రాసుకుని ఉండను. కాబట్టి మొదట ఒకటి చెప్తా. నువ్వు మాట తెలియక పడలేదు. బాగా తెలిసిన మాట కాబట్టే పడ్డావు.

మన ఊళ్లలో శాంక్షన్ అనేది తెలుగు మాటే అయిపోయింది. పింఛను శాంక్షన్ అయింది, ఇల్లు శాంక్షన్ అయింది, లోను శాంక్షన్ కాలేదు, సెలవు శాంక్షన్ చెయ్యనన్నాడు. చదువు రాని ముసలమ్మ కూడా తప్పు లేకుండా వాడుతుంది. మా దగ్గర ఒక రోడ్డు వెయ్యాలంటే ముందు అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్ కావాలి. అంటే ఈ పని చెయ్యొచ్చు, ఇంత డబ్బు పెట్టొచ్చు అని ప్రభుత్వం ఒప్పుకోవడం. ఆ తర్వాత టెక్నికల్ శాంక్షన్. అంటే వేసిన ఎస్టిమేటు సరిగ్గా ఉందని దానికి అధికారం ఉన్న ఇంజనీరు సంతకం పెట్టడం. ఈ రెండూ అయ్యాకే టెండరు. జీవోలో ‘శాంక్షన్ ఈజ్ హియర్‌బై అకార్డెడ్’ అని వస్తుంది. తెలుగు ఉత్తర్వులో అదే ‘ఇందుమూలముగా మంజూరు చేయడమైనది’. అంత బరువు ఉన్న మాట కాబట్టే అది కనపడగానే మన ప్రాణానికి హాయిగా ఉంటుంది.

మంజూరు అన్నది కూడా మన మాటేం కాదు. ఉర్దూలోంచి వచ్చింది. దాని మూలం అరబ్బీలో ‘నజర్’, అంటే చూపు. మంజూరు అంటే చూడబడినది. పెద్దాయన చూశాడంటే ఒప్పుకున్నట్టే అని లెక్క. మా ఆఫీసులో మాత్రం చూసి పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ.

ఇంకో మెలిక చెప్తాను, ఇది నీకు పనికొస్తుంది. మా సెక్షన్‌లో ఒకాయన ఏసీబీ కేసులో ఉన్నాడు. హైదరాబాదు నుంచి కవరు వచ్చింది. విప్పిన కుర్రాడు ‘ఫలానా వారికి శాంక్షన్ వచ్చింది సార్’ అని హాలంతా వినపడేలా అరిచాడు. ఇంటి లోను అనుకుని ఇద్దరు వెళ్లి ఆయనకి చెయ్యి కలిపారు. తీరా కాగితం చూస్తే అది ఆయన మీద కేసు నడపడానికి ఇచ్చిన శాంక్షన్. అవినీతి నిరోధక చట్టం 1988లో 19వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ ఉద్యోగి మీద ఆ చట్టం కింద కోర్టు కేసు విచారణకు తీసుకోవాలంటే అతన్ని తీసేసే అధికారం ఉన్నవాళ్లు ముందు అనుమతి ఇవ్వాలి. డ్యూటీలో చేసిన పనుల మీద పెట్టే మామూలు క్రిమినల్ కేసులకైతే అప్పట్లో సీఆర్‌పీసీ 197, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 218. ఇక్కడ మాటకి అర్థం మాత్రం మారలేదు, మంజూరే. మంజూరైంది కేసు. అందుకని శాంక్షన్ అని కనపడితే ‘ఎవరికి’ అని అడక్కు. ‘దేనికి’ అని అడుగు.

1998 కూడా గుర్తొస్తోంది. మే 11న, 13న పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయి. వెంటనే అమెరికా మన మీద ఆంక్షలు పెట్టింది. ఇంగ్లిష్ పేపరులో పెద్ద అక్షరాలతో శాంక్షన్స్ అని ఉంటే మా హెడ్ క్లర్కు కళ్లజోడు సర్దుకుంటూ, ‘బాంబు పేల్చినందుకు అమెరికావాడు మనకేదో శాంక్షన్ చేశాడయ్యా’ అన్నాడు. ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. ఆ ఆంక్షలు చాలావరకు 2001 సెప్టెంబరులో ఎత్తేశారు. అప్పటికి ఆయన రిటైరయ్యాడు.

రాత్రి_డెస్క్:

పైన గారు చెప్పిన ‘దేనికి’ సూత్రం బాగుంది. నేను ఒక పేపర్లో సబ్ ఎడిటర్‌ని. ఏజెన్సీ కాపీ రాత్రి పదకొండింటికి కూడా వస్తూనే ఉంటుంది, ఈ మాట వారానికి నాలుగుసార్లు తగులుతుంది. మేం చూసేది కర్మ. వ్యాకరణంలో కర్మ అండీ, మనకి పట్టిన కర్మ కాదు.

డబ్బు, సెలవు, పోస్టు, పథకం, పని, ప్లాను, వీటిని శాంక్షన్ చేశారంటే మంజూరు చేశారని. మనిషి, దేశం, కంపెనీ, బ్యాంకు, ఓడ, వీటిని శాంక్షన్ చేశారంటే ఆంక్షలు పెట్టారని. పేర్ల ముందు విశేషణంలా వచ్చినా ఇదే లెక్క. శాంక్షన్డ్ లిమిట్, శాంక్షన్డ్ పోస్టులు అంటే మంజూరైనవి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిల శాంక్షన్డ్ స్ట్రెంత్ 37, తెలంగాణ హైకోర్టుది 42 అని వార్తల్లో చదువుతుంటారు కదా, అది మంజూరైన సంఖ్య. శాంక్షన్డ్ బ్యాంకు, శాంక్షన్డ్ వెసెల్ అంటే ఆంక్షల్లో ఉన్నవి. మీ రెండు మెయిల్స్‌నీ దీంతో కొలిచి చూడండి. సోమవారం కర్మ లిమిట్. గురువారం బ్యాంకు.

బహువచనం ఇంకో గుర్తు. ‘శాంక్షన్స్’ అని నామవాచకంగా వస్తే దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. దాని వెనక ‘ఆన్’, ‘అగైనెస్ట్’ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఏకవచనంలో ‘వితౌట్ శాంక్షన్’, ‘శాంక్షన్ ఫర్’ అంటే అనుమతి. కాకపోతే హెడ్డింగుల్లో ఇది మోసం చేస్తుంది. ‘యూఎస్ శాంక్షన్స్’ అని మొదలైతే అది అమెరికా ఆంక్షలు అనే నామవాచకమా, అమెరికా ఆంక్షలు విధించింది అనే క్రియా అన్నది మూడో మాట వరకు తెలీదు.

నేను చేసిన తప్పూ చెప్పేస్తాను, మీకు కాస్త ఊరటగా ఉంటుంది. చేరిన కొత్తలో ప్రపంచ బ్యాంకు శాంక్షన్స్ బోర్డు గురించి కాపీ వచ్చింది. ప్రపంచ బ్యాంకు అనగానే మనకి అప్పు, అప్పు అనగానే మంజూరు. ‘రుణ మంజూరు బోర్డు’ అని రాసేశాను. అది రుణాలిచ్చే బోర్డు కానే కాదు. బ్యాంకు డబ్బుతో జరిగే పనుల్లో మోసం చేసిన కాంట్రాక్టర్లను శిక్షించే బోర్డు. ఇన్నేళ్లపాటు టెండర్లలోకి రావద్దని బ్లాక్‌లిస్టులో పెడుతుంది. మా ఇన్‌చార్జి అది పేజీలోకి వెళ్లేముందు పట్టుకున్నారు కాబట్టి బతికాను.

ఒక్క విషయం. ఆంక్షని, నిషేధాన్ని కలపకండి. నిషేధం అంటే మొత్తంగా వద్దని. ఆంక్షల్లో కొన్నిటికి దారి ఉంటుంది. మా వాళ్లే హెడ్డింగులో అక్షరాలు సరిపోక ఒకదాని బదులు ఇంకోటి వేసేస్తుంటారు. ఇంకా దారుణం, ఒకసారి ‘ఆకాంక్షలు’ అని పడింది. రష్యాపై అమెరికా ఆకాంక్షలు.

ఎడిసన్_గోదావరి:

న్యూజెర్సీలో ఒక బ్యాంకులో కంప్లయన్స్ పని చేస్తాను. మాది పాలకొల్లు దగ్గర. మీ మేడమ్ ఫోన్ చెయ్యడం మంచిదైంది, ఇక్కడైతే సిస్టమే ఆపేసేది.

మీ విషయంలో జరిగింది ఇది అయ్యుంటుంది. అమెరికా ఖజానా శాఖ కింద ఓఫాక్ అని ఒక ఆఫీసు ఉంది. 1950 డిసెంబరులో, కొరియా యుద్ధంలోకి చైనా దిగినప్పుడు పెట్టారు. మనుషులు, కంపెనీలు, బ్యాంకులు, ఓడలు, ఇలా ఆంక్షలున్న వాళ్ల పేర్ల జాబితాలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఐక్యరాజ్యసమితికి, యూరోపియన్ యూనియన్‌కి వేరే జాబితాలు. డాలరు చెల్లింపు సాధారణంగా అమెరికాలో ఏదో ఒక బ్యాంకు పుస్తకాల మీదుగా పోవాలి. అందుకే గుంటూరులో మిర్చి అమ్మి ఇంకో ఖండంలో కొన్నా, మధ్యలో ఇక్కడెక్కడో మాలాంటివాడి స్క్రీన్ మీద ఆ పేరు మెరుస్తుంది. మెరిస్తే డబ్బు ఆగుతుంది. అది ఏ రకం ఆంక్ష అన్నదాన్ని బట్టి ఒక్కోసారి వెనక్కి పంపుతారు, ఒక్కోసారి ఇక్కడే స్తంభింపజేస్తారు. సరుకు మాత్రం మీ ఓడలో వెళ్లిపోయి ఉంటుంది.

పేరు జాబితాలో లేకపోయినా చిక్కు రావచ్చు. జాబితాలో ఉన్నవాళ్లకి ఒక కంపెనీలో 50 శాతం, అంతకు మించి వాటా ఉంటే ఆ కంపెనీకీ ఆంక్ష తగులుతుంది. అందుకే ఓనర్లెవరో కూడా మీ బ్యాంకు అడుగుతుంది. విసుక్కోకండి.

ఇంగ్లిష్ సంగతికొస్తే, మా ఆఫీసులో శాంక్షన్ అంటే ఒకటే అర్థం. ఇక్కడికొచ్చిన మొదటి వారం మా మేనేజరుతో ‘మై లీవ్ ఈజ్ శాంక్షన్డ్’ అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ‘నీ సెలవు ఏం తప్పు చేసింది?’ అంది. అప్పటి నుంచి అప్రూవ్డ్ అంటున్నా. మీరూ అదే చెయ్యండి. చదివేటప్పుడు రెండు అర్థాలూ తెలిసుండాలి, రాసేటప్పుడు మాత్రం ఆ మాట జోలికే పోకండి. మంజూరైతే ‘అప్రూవ్డ్’. ఆంక్ష ఉంటే ‘అండర్ శాంక్షన్స్’. మీ బ్యాంకువాళ్లు కూడా ఆ రోజు ‘అండర్ శాంక్షన్స్’ అని రాసుంటే టిక్కీలు కదిలేవి కాదు. తప్పు మీదొక్కరిదే కాదని నా అభిప్రాయం.

తేజా_టిక్కీ:

అందరికీ చాలా థ్యాంక్స్. పాత ఫైలు గారూ, మీ ఇంటి లోను కథ మా ఓనరుకి చెప్పాను. మొన్నటి తర్వాత మొదటిసారి నవ్వారు. రాత్రి డెస్క్ మేడమ్ చెప్పిన లెక్క ఒక అట్టముక్క మీద రాసి మానిటర్ కింద అతికించాను.

ఆ లెక్కతో ఊరికే పాత మెయిల్స్ తిరగేశాను. ఒక్కటి మాత్రం లొంగలేదు. ఒక షిప్పింగ్ సర్క్యులర్‌లో ‘యూఎన్ శాంక్షన్డ్ మిషన్’ అని ఒక చోట, రెండు పేరాల కింద ‘యూఎన్ శాంక్షన్డ్ ఎంటిటీ’ అని ఇంకో చోట ఉన్నాయి. రెండిటికీ ముందు యూఎన్నే. మొదటిది అనుమతి ఉన్న మిషన్, రెండోది ఆంక్షలున్న సంస్థ, అంతేనా?

ఇంకో డౌటు. మా ఫైటో సర్టిఫికెట్ పూర్తి పేరులో ‘శానిటరీ’ ఉంటుంది. శాంక్షన్, శానిటరీ చుట్టాలా? మొదలు వింటే ఒకలాగే ఉన్నాయి.

సుద్దముక్క_మాస్టారు:

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. నీ రెండు వాక్యాలకీ నువ్వు చెప్పిన అర్థాలే సరైనవి నాయనా. మిషన్ అంటే పని, ఎంటిటీ అంటే ఆసామి. అమ్మాయి చెప్పిన కర్మ లెక్కే అక్కడా నిలబడింది. లొంగలేదనుకున్నావు గానీ లొంగింది.

శానిటరీ చుట్టం కాదు. దాని మూలం లాటిన్‌లో ఆరోగ్యం అనే మాట. శాంక్షన్ పుట్టింది ‘శాంకిరే’ అనే క్రియ నుంచి. పవిత్రం చేయడం, శాసనంగా స్థిరపరచడం అని దానికి అర్థం. సెయింట్, శాంక్చువరీ, శాంక్టిటీ ఇవీ దాని చుట్టాలు. గర్భగుడిని ఇంగ్లిష్‌లో శాంక్టమ్ అంటాం చూడు, అదీ ఈ ఇంటిదే.

నువ్వడిగిన అసలు ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. రోమన్లు చట్టం రాసేటప్పుడు చివర ఒక భాగం పెట్టేవాళ్లు. ఈ చట్టాన్ని మీరితే ఇదీ శిక్ష అని. ఆ భాగం పేరే శాంక్షియో. అంటే చట్టానికి ఆమోదముద్ర, దాన్ని మీరినవాడికి దెబ్బ, రెండూ ఒకే కాగితం మీద ఉండేవి. ఇంగ్లిష్‌లోకి వచ్చాక ముద్ర ఒక దారిన పోయింది, దెబ్బ ఇంకో దారిన పోయింది. ఆమోదించడం అనే క్రియ 18వ శతాబ్దం చివర స్థిరపడింది. అదే ఇంగ్లిష్ కంపెనీ కాగితాల్లో, కలెక్టరాఫీసు ఫైళ్లలో మన దేశానికి దిగింది. మనకి ఆ సగమే అందింది. దెబ్బ సగం లాయర్ల దగ్గర ఉండిపోయింది. 19వ శతాబ్దంలో జాన్ ఆస్టిన్ అనే ఆయన, చట్టమంటే రాజ్యాధికారం ఇచ్చే ఆజ్ఞ, దాని వెనక శాంక్షన్ ఉంటుంది అన్నాడు. అక్కడ శాంక్షన్ అంటే శిక్ష భయం. లా కాలేజీ పిల్లలు ఇప్పటికీ అది బట్టీ పడతారు.

దేశాల మీద వాడటం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఊపందుకుంది. నానాజాతి సమితి ఒప్పందంలో 16వ అధికరణం ప్రకారం, ఒప్పందం మీరి యుద్ధానికి దిగిన దేశంతో మిగతావాళ్లు వ్యాపారం తెంచుకోవాలి. 1935లో ఇటలీ ఇథియోపియా మీద పడినప్పుడు అది నిజంగా వాడి చూశారు. నవంబరు 18 నుంచి ఆంక్షలు. పెట్రోలు మాత్రం జాబితాలో చేర్చలేదు. ఆ యుద్ధం నడిచిందే పెట్రోలు మీద. ఇథియోపియా రాజధాని మరుసటి మే నెలలో పడిపోయింది, జూలైలో ఆంక్షలూ ఎత్తేశారు. ఆ గొడవంతటిలో మిగిలింది ఈ మాటే అనిపిస్తుంది నాకు. ఒక దేశాన్నో మనిషినో ‘శాంక్షన్ చేశారు’ అంటూ క్రియగా వాడటం ఇంకా తర్వాతది, 20వ శతాబ్దం మధ్యలో వచ్చింది. అంటే నిన్ను పడగొట్టిన అర్థం వయసులో నాకంటే మహా అయితే కొంచెం పెద్దది.

ఇంగ్లిష్‌వాళ్లకే ఈ తిక్క ఉందనుకోకు. మన దండం చూడు. దండం అంటే కర్ర. కర్రతో కొడితే దండన. మరి చేతులు జోడించినా దండమే! ‘నీకో దండం’ అంటే నమస్కారం అని, నన్నొదిలెయ్ అని రెండూనూ. దండుగ అంటే ఒకప్పుడు తప్పు చేసినవాడు కట్టే జరిమానా. ఇప్పుడు వృథా ఖర్చు. పరాయివాడెవడైనా తెలుగు నేర్చుకుంటూ ‘దండం పెట్టాడు’ అన్న మాట మొదటిసారి వింటే పారిపోవాలో ఆగాలో తేల్చుకోలేడు. మనకి ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే పక్కన ‘పెట్టాడు’ ఉందా ‘విధించాడు’ ఉందా అని చెవి ముందే పట్టేస్తుంది. ఇంగ్లిష్‌లో నీ చెవికి ఆ అలవాటు ఇంకా రాలేదు, అంతే.

ఓవర్‌సైట్ అని ఇంకోటుంది, దాన్నీ కనిపెట్టుకుని ఉండు. ‘ఓవర్‌సైట్ కమిటీ’ అంటే కనిపెట్టుకుని చూసే కమిటీ. ‘డ్యూ టు ఎన్ ఓవర్‌సైట్’ అంటే చూసుకోకపోవడం వల్ల. నీ క్షమాపణ ఉత్తరంలో వాడాలంటే రెండోది వాడుకో.

తేజా_టిక్కీ:

మాస్టారూ, దండం. మొదటి రకమే.

జవాబు ఇలా రాశాను, పంపేముందు చూస్తారా: ‘వియ్ అండర్‌స్టాండ్ దట్ ద బయ్యర్స్ బ్యాంక్ ఈజ్ అండర్ శాంక్షన్స్. ది బయ్యర్ విల్ పే త్రూ అనదర్ బ్యాంక్. ప్లీజ్ చెక్ ది న్యూ బ్యాంక్ అండ్ కన్‌ఫర్మ్ బిఫోర్ వియ్ షిప్. వియ్ విల్ రివర్ట్ సూన్.’

పాత మెయిల్‌లోంచి కాపీ చెయ్యకుండా నేనే రాశా. గంట పట్టింది.

ఎడిసన్_గోదావరి:

బాగుంది. రెండు మార్పులు. చివరి వాక్యం తీసెయ్యండి. జవాబు రావాల్సింది వాళ్ల నుంచి, మీరు రివర్ట్ అవ్వాల్సింది ఏం లేదు. పైగా మన దేశం దాటితే రివర్ట్ అంటే పాత స్థితికి వెళ్లడం అనే తీసుకుంటారు, రిప్లై అని చాలామందికి తట్టదు.

రెండోది ఇంగ్లిష్ కాదు, వ్యాపారం. బ్యాంకు మారితే సరిపోదు. కొనే పార్టీ పేరు, వాళ్ల ఓనర్ల పేర్లు కూడా చూడమని అదే మెయిల్‌లో అడగండి. మొదట ఏ బ్యాంకు ఇచ్చారో దాచకండి. ఆంక్షలున్న బ్యాంకు డబ్బునే వేరే పేరుతో తిప్పి పంపితే దాన్ని ఎగవేత అంటారు. అప్పుడు చిక్కు మీ మెడకి చుట్టుకుంటుంది.

పాత_ఫైలు:

మెయిల్ పంపాక ఫోన్ కూడా చెయ్యి బాబూ. 33 ఏళ్లలో కాగితం మీద తెగని పని ఫోన్‌లో తెగడం చాలాసార్లు చూశా.

తేజా_టిక్కీ:

అప్‌డేట్. పార్టీవాళ్లు వేరే బ్యాంకు ఇచ్చారు. ఓనర్ల పేర్లతో సహా అన్నీ మా బ్యాంకుకి పంపాం. ఇవాళ పొద్దున జవాబు వచ్చింది. ‘కైండ్లీ’తో సహా ప్రతి మాటా మూడుసార్లు చదివాను. ఈసారి శాంక్షన్డ్ అని లేదు, ‘ది న్యూ బ్యాంక్ అండ్ ది బయ్యర్ ఆర్ క్లియర్డ్’ అని ఉంది.

ఓనరు గారు గుమ్మం దగ్గర నిలబడి ‘ఏమంటున్నార్రా?’ అని అడుగుతున్నారు. నాకు మాత్రం నోరు పెగలట్లేదు. క్లియర్డ్ అంటే మంచిదేనా? మొన్న యార్డులో ‘స్టాక్ క్లియర్డ్’ అంటే సరుకు ఖాళీ అని. ఇది కూడా ఆ జాతేనా, ఎవరైనా త్వరగా చెప్పండి.

పాత_ఫైలు:

మేడమ్‌కి ఫోన్ చెయ్యి బాబూ.

తేజా_టిక్కీ:

చేశా. మంచిదేనట. కోల్డ్ స్టోరేజీకి ఈసారి నన్నే ఫోన్ చెయ్యమన్నారు.